బాక్టీరియా సంక్రమణలో తెల్ల రక్తకణాల ఎంజైములు

తెల్ల రక్తకణాల ఎంజైములు అనగా రక్తంలోని శ్వేతకణాలు తమలో తయారు చేసుకొని, చిన్న చిన్న సంచులలో దాచి ఉంచుకొనే జీవ ఉత్ప్రేరకాలు. శరీరంలోకి బాక్టీరియా ప్రవేశించినప్పుడు ఈ ఎంజైములలో కొన్ని పరిమాణంలో పెరుగుతాయి. కొన్ని కణంలో తమ స్థానాన్ని మార్చుకుంటాయి. కొన్ని అంతవరకు విడివిడి భాగాలుగా ఉండి, హఠాత్తుగా ఒకటై పని ప్రారంభిస్తాయి. మరికొన్ని కణాన్ని దాటి రక్తంలోకి, చీములోకి, మూత్రంలోకి చేరతాయి. సూక్ష్మజీవులను చంపే పని ఈ మార్పుల వలననే సాగుతుంది. శరీరపు సొంత కణజాలానికి జరిగే హానిలో చాలా భాగం కూడా వీటి వలననే. వైద్యులు రోగ నిర్ధారణకు వాడే కొన్ని పరీక్షలకు కూడా ఇవే ఆధారం.

నేపథ్యం

ఆరోగ్యవంతుడైన వయోజనుని రక్తంలో ఒక మైక్రోలీటరుకు సుమారు 4,000 నుంచి 11,000 వరకు తెల్ల రక్తకణాలు ఉంటాయి. వీటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్ అనే రకం కణాలు. మిగిలినవి లింఫోసైట్లు, మోనోసైట్లు, ఇయోసినోఫిల్స్, బేసోఫిల్స్. రంగులను పీల్చుకొనే తీరును బట్టి కణాలను ఇలా విభజించే పద్ధతికి జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1880 ప్రాంతంలో పునాది వేశాడు. దాదాపు అదే కాలంలో, 1882లో, ఇలియా మెచ్నికోఫ్ అనే రష్యా జీవశాస్త్రవేత్త ఇటలీలోని మెస్సీనా పట్టణంలో నక్షత్రచేప డింభకాల శరీరంలో ముళ్ళు గుచ్చి, వాటి చుట్టూ కణాలు మూగడం గమనించాడు. కణాలు శత్రువును మింగుతాయన్న ఆయన సిద్ధాంతానికి కణభక్షణ సిద్ధాంతం అని పేరు. ఈ ఇద్దరికీ కలిపి 1908లో నోబెల్ బహుమతి లభించింది.

మింగడం వేరు, చంపడం వేరు. మింగబడిన బాక్టీరియా కణం లోపల ఎలా చస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఎంజైములలో ఉన్నదని తేలడానికి మరో అరవై, డెబ్బై సంవత్సరాలు పట్టింది.

బాక్టీరియాను ఎదుర్కోవడంలో న్యూట్రోఫిల్స్‌దే ప్రధాన పాత్ర. ఎముక మజ్జ (మూలుగ) రోజుకు దాదాపు పది వేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది. సంక్రమణ సమయంలో ఈ ఉత్పత్తి మరింత పెరుగుతుంది. రక్తంలో వీటి సంఖ్య మైక్రోలీటరుకు 500 కన్నా తగ్గిన వ్యక్తికి సాధారణ బాక్టీరియా కూడా ప్రాణాంతకం కాగలదు. క్యాన్సరు మందులు వాడే రోగులలో జ్వరాన్ని అత్యవసర పరిస్థితిగా పరిగణించడానికి కారణం ఇదే.

రేణువులు

న్యూట్రోఫిల్ లోపల నాలుగు రకాల సంచులు ఉంటాయి. మొదటి మూడింటిని రేణువులు అంటారు. మజ్జలో కణం ఎదిగే క్రమంలో ఇవి ఒకదాని తరువాత ఒకటి తయారవుతాయి.

అన్నిటికన్నా ముందు తయారయ్యేవి ప్రాథమిక రేణువులు. వీటికి అజురోఫిల్ రేణువులు అని మరొక పేరు. మైలోపెరాక్సిడేజ్, ఎలాస్టేజ్, కాథెప్సిన్-జి, ప్రోటీనేజ్-3 అనే బలమైన ఎంజైములు వీటిలో ఉంటాయి. తరువాత తయారయ్యే ద్వితీయ రేణువులలో కొల్లాజినేజ్, లైసోజైము, వీటితోపాటు ఇనుమును పట్టి ఉంచే లాక్టోఫెరిన్ అనే ప్రోటీను ఉంటాయి. మూడవ రకంలో జెలటినేజ్ ప్రధానం. చివరగా, కణం పూర్తిగా ఎదిగాక, స్రావక సంచులు ఏర్పడతాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఉండేది వీటి పొరలోనే.

తయారైన వరుసకు సరిగ్గా తలకిందులుగా ఇవి ఖాళీ అవుతాయి. స్వల్పమైన ప్రేరణ తగలగానే స్రావక సంచులు కణపు పైపొరతో కలిసిపోతాయి. కణం రక్తనాళపు గోడను దాటుతున్నప్పుడు జెలటినేజ్ రేణువులు, ఆపై ద్వితీయ రేణువులు విడుదలవుతాయి. ప్రాథమిక రేణువులు మాత్రం చాలావరకు కణం లోపలే, మింగిన బాక్టీరియా ఉన్న తిత్తిలోకి తెరచుకుంటాయి. అత్యంత ప్రమాదకరమైన సరుకు అన్నిటికన్నా చివరగా, అన్నిటికన్నా లోపల విడుదల కావడం గమనార్హం.

ప్రాథమిక రేణువులలోని ఎంజైములు కణం మజ్జలో బాల్యదశలో ఉన్నప్పుడే తయారవుతాయి. రక్తంలోకి వచ్చిన తరువాత అవి కొత్తగా తయారు కావు. అందువలన తీవ్రమైన సంక్రమణలో న్యూట్రోఫిల్ తన నిల్వను ఖర్చు పెట్టడమే కాని తిరిగి నింపుకోవడం ఉండదు. మజ్జ తొందరపడి పూర్తిగా ఎదగని కణాలను కూడా రక్తంలోకి పంపుతుంది. రక్తపు చుక్కను గాజు పలకపై పూసి రంగు వేసి చూస్తే ఇటువంటి కణాలలో కేంద్రకం తమ్మెలుగా విడిపోకుండా పట్టీ ఆకారంలో కనిపిస్తుంది. రేణువులు ముదురు రంగులో, ముతకగా కనిపిస్తాయి. దీనిని విషరేణుత్వం అనవచ్చు. చిన్న ప్రయోగశాలలో, సూక్ష్మదర్శిని తప్ప మరే పరికరం లేనిచోట కూడా తీవ్రమైన బాక్టీరియా సంక్రమణను అనుమానించడానికి ఈ గుర్తులు ఉపయోగపడతాయి.

శ్వాస విస్ఫోటం

1933లో బాల్డ్రిడ్జ్, గెరార్డ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కుక్క తెల్ల రక్తకణాలకు బాక్టీరియాను కలిపినప్పుడు, ఆ కణాలు ఆక్సిజన్‌ను ఎక్కువగా పీల్చుకోవడం గమనించారు. మింగడానికి శక్తి కావాలి కనుక కణం ఎక్కువగా శ్వాసిస్తున్నదని వారు భావించారు. ఈ భావన సహజమైనదే కాని సరైనది కాదు. 1959లో స్బారా, కర్నోవ్‌స్కీ అనేవారు మింగడానికి కావలసిన శక్తి ఆక్సిజన్‌తో పనిలేని గ్లైకాలిసిస్ ద్వారా వస్తుందని చూపించారు. ఆక్సిజన్ లేకపోయినా కణం బాక్టీరియాను మింగగలదు. అలాంటప్పుడు పీల్చిన ఆక్సిజన్ అంతా ఏమవుతున్నది?

1961లో క్వాస్టెల్ బృందం ఆ ఆక్సిజన్ హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుతున్నదని కనుగొన్నది. 1973లో బెర్నార్డ్ బేబియర్, ఆయన సహచరులు అంతకన్నా ముందు మెట్టు సూపరాక్సైడు అని నిరూపించారు. అంటే కణం ఆక్సిజన్‌ను వాడుకుంటున్నది శక్తి కోసం కాదు, విషం తయారీకి. ఈ చర్యకు శ్వాస విస్ఫోటం అనే పేరు స్థిరపడినా, నిజానికి శ్వాసక్రియకు దీనికి సంబంధం లేదు.

ఈ పని చేసే ఎంజైము పేరు ఎన్.ఏ.డి.పి.హెచ్. ఆక్సిడేజ్. ఇది విశ్రాంతి దశలో ఉన్న కణంలో ముక్కలుగా ఉంటుంది. రెండు భాగాలు పొరలలోను, మరి మూడు భాగాలు కణద్రవంలోను ఉంటాయి. బాక్టీరియా తగిలిన కొద్ది క్షణాలలో కణద్రవంలోని భాగాలకు ఫాస్ఫేటు సమూహాలు అతుక్కొని, అవి పొర వద్దకు చేరి, రాక్ అనే మరొక చిన్న ప్రోటీనుతో కలిసి పూర్తి ఎంజైముగా ఏర్పడతాయి. అప్పుడు ఎన్.ఏ.డి.పి.హెచ్. నుంచి ఎలక్ట్రాన్లు పొరకు ఈవలి వైపు నుంచి ఆవలి వైపుకు, బాక్టీరియా ఉన్న తిత్తిలోకి ప్రవహించి, అక్కడి ఆక్సిజన్‌ను సూపరాక్సైడుగా మారుస్తాయి. ఆక్సిజన్ వినియోగం పదుల రెట్లు పెరుగుతుంది. తుపాకిని, మందుగుండును వేరువేరు గదులలో ఉంచినట్లు, ఎంజైము భాగాలను విడిగా ఉంచడం వలన పొరపాటున పేలే ప్రమాదం తగ్గుతుంది.

ఎన్.ఏ.డి.పి.హెచ్. సరఫరా కోసం కణం గ్లూకోజును పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గం గుండా మళ్ళిస్తుంది. ఈ మార్గంలో మొదటి ఎంజైము గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్. జి6పిడి లోపం అనగానే ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం గుర్తుకు వస్తుంది. ఆ లోపం ఉన్నవారిలో అత్యధికుల తెల్లకణాలు మామూలుగానే పనిచేస్తాయి. ఎంజైము దాదాపు పూర్తిగా లోపించిన అరుదైన సందర్భాలలో మాత్రం తెల్లకణాల శక్తి కూడా కుంటుపడుతుంది.

మైలోపెరాక్సిడేజ్

సూపరాక్సైడు త్వరగా హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుతుంది. ఇక్కడ ప్రాథమిక రేణువుల నుంచి వచ్చిన మైలోపెరాక్సిడేజ్ రంగంలోకి దిగుతుంది. ఇది హైడ్రోజన్ పెరాక్సైడును, కణంలో ధారాళంగా దొరికే క్లోరైడును కలిపి హైపోక్లోరస్ ఆమ్లాన్ని తయారు చేస్తుంది. గ్రామాలలో మంచినీటి బావులను శుద్ధి చేయడానికి చల్లే బ్లీచింగ్ పౌడరు నీటిలో కలిసినప్పుడు పుట్టే పదార్థం కూడా ఇదే. పురపాలక సంఘాలు నీటిలో కలిపే క్లోరిన్ చేసే పనినే న్యూట్రోఫిల్ తన లోపలి తిత్తిలో చేస్తున్నదన్నమాట.

ఈ ఎంజైమును 1941లో స్వీడన్‌కు చెందిన షెల్ అగ్నర్ వేరు చేశాడు. ఆకుపచ్చని రంగు ఉండడం వలన ఆయన దీనికి మొదట వర్డోపెరాక్సిడేజ్ అని పేరు పెట్టాడు. ముదిరిన చీముకు, చిక్కని కఫానికి ఉండే పచ్చని ఛాయ ఈ ఎంజైములోని హీమ్ వలన వచ్చినదే. న్యూట్రోఫిల్ పొడి బరువులో దాదాపు 5 శాతం ఈ ఒక్క ఎంజైమే అని అంచనా. క్లోరైడు వంటి లవణాలతో కలిసి ఇది సూక్ష్మజీవులను చంపుతుందని 1960లలో సేమోర్ క్లెబనోఫ్ నిరూపించాడు.

ఇంత ముఖ్యమైన ఎంజైము పుట్టుకతోనే లోపించినవారు ఎంత బాధపడతారోనని ఎవరైనా అనుకోవచ్చు. కాని ఈ లోపం ఉన్నవారిలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం కొన్ని వేలమందిలో ఒకరికి ఈ లోపం ఉంటుంది. మధుమేహం కూడా తోడైన కొద్దిమందిలో మాత్రమే కాండిడా అనే శిలీంధ్రం వలన తీవ్రమైన వ్యాధి వస్తుంది. ఈ పరిశీలన శాస్త్రజ్ఞుల మధ్య పెద్ద చర్చకు దారి తీసింది. 2002లో ఆంథొనీ సెగల్ బృందం బాక్టీరియాను చంపేది ప్రధానంగా ఎలాస్టేజ్, కాథెప్సిన్-జి లేనని, ఆక్సిడేజ్ పని వాటికి అనువైన వాతావరణాన్ని కల్పించడమేనని వాదించింది. ఒక ఆయుధం లేకపోతే మరొకటి పని చేసే ఏర్పాటు న్యూట్రోఫిల్‌లో ఉన్నదనే అభిప్రాయమే ఈ రెండు వాదాలకన్నా ఎక్కువ సమంజసంగా కనిపిస్తుంది. కోళ్ళలో న్యూట్రోఫిల్స్‌కు బదులుగా ఉండే హెటెరోఫిల్ కణాలలో మైలోపెరాక్సిడేజ్ అసలే ఉండదు. అయినా అవి బాక్టీరియాను చంపగలుగుతున్నాయి.

దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధి

మైలోపెరాక్సిడేజ్ లోపం విషయం అలా ఉండగా, ఎన్.ఏ.డి.పి.హెచ్. ఆక్సిడేజ్ లోపం దానికి పూర్తిగా భిన్నమైనది. 1950లలో అమెరికాలోని వైద్యులు పదే పదే చీముగడ్డలతో, శోషరస గ్రంథుల వాపుతో బాధపడి, చివరకు మరణించిన చిన్నపిల్లలను వర్ణించారు. ఆ పిల్లలలో తెల్లకణాల సంఖ్య తక్కువేమీ కాదు. ప్రతిరక్షకాలు కూడా సరిపడా ఉన్నాయి. కణాలు బాక్టీరియాను చక్కగా మింగుతున్నాయి కూడా. అయినా మింగిన బాక్టీరియా లోపల బ్రతికే ఉన్నది. 1967 నాటికి ఈ కణాలలో శ్వాస విస్ఫోటం జరగడం లేదని తేలింది.

ఈ వ్యాధి సుమారు రెండు లక్షల జననాలలో ఒకరికి వస్తుందని అంచనా. ఎక్కువమందిలో లోపభూయిష్టమైన జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉండడం వలన మగపిల్లలే అధికంగా దీని వాత పడతారు. మేనరికాలు, దగ్గరి సంబంధాల వివాహాలు ఎక్కువగా ఉన్న సమాజాలలో మాత్రం తల్లిదండ్రులిద్దరి నుంచి సంక్రమించే రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఇటువంటి వాటిలో ఆడపిల్లలకూ వ్యాధి వస్తుంది. 1986లో ఎక్స్ క్రోమోజోముపై ఉన్న ఈ జన్యువును, దాని ప్రోటీను ఏమిటో ముందుగా తెలియకుండానే, క్రోమోజోముపై దాని స్థానాన్ని బట్టి గుర్తించారు. ఈ పద్ధతిలో గుర్తించబడిన తొలి మానవ వ్యాధి జన్యువుగా దీనికి వైద్య చరిత్రలో స్థానం ఉన్నది.

ఈ పిల్లలను స్టాఫిలోకాకస్ ఆరియస్, సెర్రేషియా, బర్క్‌హోల్డేరియా, నొకార్డియా వంటి బాక్టీరియాలు, ఆస్పర్జిల్లస్ అనే బూజు ఎక్కువగా బాధిస్తాయి. ఇవన్నీ కాటలేజ్ అనే ఎంజైము కలవి కనుక తమ పెరాక్సైడును తామే నాశనం చేసుకొని తప్పించుకుంటాయని పాఠ్యపుస్తకాలు చాలాకాలం వివరించాయి. కాటలేజ్ లేని జాతులు కూడా ఎలుకలలో అంతే తీవ్రమైన వ్యాధిని కలిగించడంతో ఈ వివరణ బలహీనపడింది.

భారతదేశంలో ఈ వ్యాధికి సంబంధించి ప్రత్యేకంగా గమనించవలసిన విషయం బి.సి.జి. టీకా. దేశంలో శిశువుకు పుట్టిన వెంటనే ఈ టీకా వేస్తారు. ఇందులో ఉండేది బలహీనపరచిన సజీవ బాక్టీరియా. ఆరోగ్యవంతమైన శిశువులకు ఇది హాని చేయదు. ఆక్సిడేజ్ లోపం ఉన్న శిశువులో మాత్రం టీకా వేసిన చోట మానని పుండు, చంకలో గ్రంథుల వాపు, చీము కనిపించవచ్చు. కొన్నిసార్లు వ్యాధికి ఇదే తొలి సూచన అవుతుంది. తోబుట్టువులలో ఎవరైనా చిన్నతనంలో ఇటువంటి జబ్బుతో మరణించి ఉంటే వైద్యునికి ముందుగా చెప్పడం చాలా అవసరం.

వ్యాధి నిర్ధారణకు నైట్రోబ్లూ టెట్రజోలియం పరీక్ష చాలాకాలం వాడుకలో ఉన్నది. ఈ రంగు పదార్థం పసుపుపచ్చగా ఉంటుంది. సూపరాక్సైడు తగిలితే ముదురు నీలిరంగు ముద్దలుగా మారుతుంది. వ్యాధిగ్రస్తుల కణాలలో నీలిరంగు రాదు. ఈ పరీక్షకు ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది. 1968లో దీనిని మామూలు బాక్టీరియా సంక్రమణను ఇతర జ్వరాల నుంచి వేరుపరచడానికి కూడా ప్రతిపాదించారు. సంక్రమణ ఉన్నవారి న్యూట్రోఫిల్స్ బయటి ప్రేరణ లేకుండానే రంగును మారుస్తాయని అప్పట్లో ఆశించారు. ఫలితాలు నిలకడగా లేకపోవడంతో ఆ ఉపయోగం మరుగున పడి, అరుదైన వ్యాధి పరీక్షగా మాత్రం నిలిచింది. ప్రస్తుతం దీని స్థానంలో డైహైడ్రోరోడమిన్ అనే పదార్థంతో ఫ్లో సైటోమీటర్‌పై చేసే పరీక్షను ఎక్కువగా వాడుతున్నారు.

ఒకప్పుడు బాల్యంలోనే ప్రాణం తీసే ఈ వ్యాధిలో, కోట్రైమోక్సజోల్, ఇట్రకోనజోల్ వంటి మందులను ప్రతిరోజూ ముందుజాగ్రత్తగా వాడడం వలన ఆయుర్దాయం ఎంతో పెరిగింది. మజ్జ మార్పిడితో శాశ్వతంగా నయం చేయవచ్చు.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్

బాక్టీరియా సంక్రమణలో పరిమాణం స్పష్టంగా పెరిగే ఎంజైము న్యూట్రోఫిల్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. కాలేయ వ్యాధులలోను, ఎముకల వ్యాధులలోను ప్లాస్మాలో కొలిచే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌కు ఇది జన్యుపరంగా ఒకటే అయినా, ఇక్కడ కొలిచేది కణం లోపల ఉన్నదానిని. ఈ రెండు పరీక్షలను ఒకటిగా పొరబడరాదు.

ఫాస్ఫటేజ్ ఎంజైములు ఫాస్ఫేటును విడదీస్తాయి. కనుక విడుదలైన ఫాస్ఫేటును కొలిస్తే ఎంజైము ఎంత ఉన్నదో తెలుస్తుంది. ఫాస్ఫేటును కొలవడానికి 1925లో సైరస్ ఫిస్కే, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి రూపొందించిన వర్ణమాపక పద్ధతి జీవరసాయన శాస్త్రంలో సుప్రసిద్ధం. తెల్లకణాలను మాత్రం పగులగొట్టి కొలవడం కన్నా, గాజు పలకపై రంగు వేసి ఒక్కొక్క కణాన్ని చూడడం సులభమని తేలింది. 1955లో లియొనార్డ్ కాప్లో ప్రవేశపెట్టిన లెక్కింపు పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

ఈ పద్ధతిలో రక్తపు పూతను క్షారగుణం గల నాఫ్థైల్ ఫాస్ఫేట్ ద్రావణంలో ఉంచుతారు. ఎంజైము ఉన్నచోట నాఫ్థాల్ విడుదలై, ద్రావణంలోని రంగు పదార్థంతో కలిసి అవక్షేపంగా నిలుస్తుంది. వరుసగా 100 న్యూట్రోఫిల్స్‌ను పరిశీలించి, రంగు అసలు లేనిదానికి 0, అతి ముదురుగా ఉన్నదానికి 4 చొప్పున మార్కులు వేసి కూడుతారు. ఉదాహరణకు 20 కణాలకు 0, 40 కణాలకు 1, 25 కణాలకు 2, 10 కణాలకు 3, 5 కణాలకు 4 వచ్చాయనుకుంటే మొత్తం 0+40+50+30+20, అనగా 140. కనిష్ఠం 0, గరిష్ఠం 400. ఆరోగ్యవంతులలో సాధారణంగా 40 నుంచి 100 మధ్య ఉంటుందని చెబుతారు కాని ఈ హద్దులు ఒక్కొక్క ప్రయోగశాలకు ఒక్కొక్క విధంగా ఉంటాయి. ఇ.డి.టి.ఎ. కలిపిన రక్తం ఈ పరీక్షకు పనికిరాదు. ఎంజైముకు అవసరమైన లోహ అయాన్లను అది పట్టివేస్తుంది. వేలి నుంచి తీసిన తాజా రక్తం శ్రేష్ఠం.

బాక్టీరియా సంక్రమణలో ఈ అంకె తరచుగా 200 దాటుతుంది. కారణం కణాలు తెలివిమీరి ఎంజైమును తయారు చేయడం కాదు. సంక్రమణ సమయంలో శరీరం విడుదల చేసే జి.సి.ఎస్.ఎఫ్. అనే హార్మోను వంటి ప్రోటీను, మజ్జలో న్యూట్రోఫిల్స్ సంఖ్యను పెంచడంతోపాటు వాటిలో ఈ ఎంజైము జన్యువును కూడా ప్రేరేపిస్తుంది. ఇదే ప్రోటీనును మందుగా ఇచ్చినప్పుడూ అంకె పెరుగుతుంది. గర్భిణులలోను, స్టెరాయిడ్లు వాడేవారిలోను, పాలిసైథీమియా అనే రక్త వ్యాధిలోను కూడా ఎక్కువగానే ఉంటుంది. అందువలన ఈ పరీక్ష ఒక్కదాని ఆధారంగా బాక్టీరియా ఉన్నదని నిర్ధారించడం సాధ్యం కాదు.

దీని అసలు విలువ మరొక చోట ఉన్నది. తీవ్రమైన సంక్రమణలో కొన్నిసార్లు తెల్లకణాల సంఖ్య 50,000 దాటుతుంది. దీనిని ల్యుకేమియా వంటి ప్రతిచర్య అంటారు. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సరులోనూ కణాల సంఖ్య అలాగే పెరుగుతుంది. పూత చూడడానికి ఒకే విధంగా ఉండవచ్చు. ఒకటి యాంటీబయాటిక్‌తో తగ్గే జబ్బు, మరొకటి క్యాన్సరు. మొదటిదానిలో ఫాస్ఫటేజ్ అంకె బాగా పెరుగుతుంది, రెండవదానిలో సున్నాకు దగ్గరగా పడిపోతుంది. కొద్దిపాటి రంగులు, సూక్ష్మదర్శిని ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా ఒక గంట, రెండు గంటలలో ఈ తేడాను తేల్చగలగడం వలన దశాబ్దాల పాటు ఈ పరీక్ష ఎందరో రోగులకు మేలు చేసింది. ల్యుకేమియా రోగికే తీవ్రమైన సంక్రమణ సోకితే అంకె మామూలు స్థాయికి పెరిగి తప్పుదారి పట్టించవచ్చు. బి.సి.ఆర్.-ఏ.బి.ఎల్. అనే సంయుక్త జన్యువును నేరుగా గుర్తించే పరీక్షలు అందుబాటులోకి వచ్చాక ఫాస్ఫటేజ్ పరీక్ష వాడుక చాలావరకు తగ్గిపోయింది.

పరాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబినూరియా వ్యాధిలోనూ ఈ అంకె తక్కువగా ఉంటుంది. ఆ వ్యాధిలో కణపు పొరకు ప్రోటీన్లను కట్టి ఉంచే లంగరు వంటి అణువు తయారు కాదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఆ లంగరుకు కట్టిన ప్రోటీన్లలో ఒకటి.

ప్రోటీన్లను ఛేదించే ఎంజైములు

ఎలాస్టేజ్, కాథెప్సిన్-జి, ప్రోటీనేజ్-3 ప్రోటీన్లను ముక్కలు చేస్తాయి. మింగిన బాక్టీరియాను జీర్ణం చేయడానికి ఇవి అవసరం. కాని కణం చచ్చి పగిలినప్పుడు, లేదా మింగలేనంత పెద్ద వస్తువు ఎదురైనప్పుడు ఇవి బయటకు చిమ్ముతాయి. అప్పుడు ఊపిరితిత్తులలోని సాగే తంతువులకు, రక్తనాళాల గోడలకు ఇవే శత్రువులవుతాయి.

దీనికి విరుగుడుగా ప్లాస్మాలో ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే నిరోధకం ఉంటుంది. ఇది పుట్టుకతో లోపించినవారికి చిన్న వయసులోనే ఊపిరితిత్తులు ఉబ్బే ఎంఫిసీమా వస్తుందని 1963లో స్వీడన్ పరిశోధకులు లారెల్, ఎరిక్‌సన్ కనుగొన్నారు. మైలోపెరాక్సిడేజ్ తయారు చేసే హైపోక్లోరస్ ఆమ్లం ఈ నిరోధకాన్ని ఆక్సీకరించి నిర్వీర్యం చేస్తుంది. పొగాకు పొగ కూడా అదే పని చేస్తుంది. అనగా ఒక ఎంజైము కాపలాదారుని పడగొడితే మరొక ఎంజైము లోపలికి చొరబడుతుంది. తీవ్రమైన సెప్సిస్‌లో బాక్టీరియా చచ్చిపోయిన తరువాత కూడా రోగి ఊపిరితిత్తులు కోలుకోకపోవడానికి గల కారణాలలో ఇది ఒకటి. ఎలాస్టేజ్‌ను అడ్డుకొనే సివెలెస్టాట్ అనే మందును జపానులో వాడుతున్నారు. వివిధ దేశాలలో జరిపి 2004లో ప్రకటించిన పెద్ద పరీక్షలో మాత్రం దాని వలన మరణాలు తగ్గలేదు.

ఈ ఎంజైములను పనికి సిద్ధం చేసేది కాథెప్సిన్-సి అనే మరొక ఎంజైము. ఇది పుట్టుకతో లోపిస్తే పాపిలాన్-లెఫేవ్ర్ వ్యాధి వస్తుంది. అరచేతుల, అరికాళ్ళ చర్మం మందమై, చిగుళ్ళు చెడి, చిన్నతనంలోనే పళ్ళు ఊడిపోతాయి. ఆశ్చర్యకరంగా, ఎలాస్టేజ్ దాదాపు పూర్తిగా లేకపోయినా ఈ రోగులలో ప్రాణాంతకమైన సంక్రమణలు ఎక్కువగా రావు. ఈ పరిశీలన ఔషధ పరిశోధకులకు ధైర్యాన్నిచ్చింది. శ్వాసనాళాలు శాశ్వతంగా సాగిపోయి చీము నిలిచే బ్రాంకియెక్టాసిస్ అనే జబ్బుకు, కాథెప్సిన్-సిని అడ్డుకొనే బ్రెన్సోకాటిబ్ అనే మందును 2025 ఆగస్టులో అమెరికాలో అనుమతించారు.

2004లో బెర్లిన్‌లోని శాస్త్రజ్ఞులు న్యూట్రోఫిల్స్ తమ డి.ఎన్.ఏ.ను వలలాగా బయటకు విసిరి బాక్టీరియాను బంధించగలవని ప్రకటించారు. ఎలాస్టేజ్ రేణువుల నుంచి కేంద్రకంలోకి వెళ్ళి అక్కడి హిస్టోన్లను ఛేదించడం ఈ వల తయారీలో ఒక మెట్టు.

లైసోజైము

లైసోజైమును కనుగొన్నది పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగే. జలుబు చేసినవారి ముక్కు స్రావం ఒక రకం బాక్టీరియాను కరిగించివేయడం గమనించి 1922లో ఆయన దీనిని ప్రకటించాడు. కన్నీరు, ఉమ్మి, కోడిగుడ్డు తెల్లసొనలలో కూడా ఇది సమృద్ధిగా ఉంటుంది. బాక్టీరియా గోడలోని చక్కెర గొలుసులను ఇది తెంచుతుంది. 1965లో లండన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం ఎక్స్ కిరణాలతో దీని ఆకృతిని తెలుసుకున్నది. త్రిమితీయ నిర్మాణం తెలిసిన మొట్టమొదటి ఎంజైము ఇదే.

మూత్ర పరీక్షలో ఎస్టరేజ్

సామాన్య ప్రజలకు తెలియకుండానే ఎక్కువగా పరిచయమైన తెల్లకణ ఎంజైము పరీక్ష మూత్రంలో ముంచి తీసే పట్టీ. దీనిలో ఒక గడి ల్యూకోసైట్ ఎస్టరేజ్ కోసం ఉంటుంది. న్యూట్రోఫిల్స్ నుంచి వచ్చిన ఎస్టరేజ్ గడిలోని ఇండాక్సిల్ ఎస్టరును విడదీయగా, దాదాపు రెండు నిమిషాలలో ఊదారంగు వస్తుంది. మూత్రంలోని కణాలు పగిలిపోయి సూక్ష్మదర్శినికి కనబడకపోయినా ఎంజైము మిగిలే ఉంటుంది కనుక, నమూనా ప్రయోగశాలకు చేరడం ఆలస్యమైనప్పుడు ఇది ప్రయోజనకరం. పక్కనే ఉండే నైట్రైట్ గడి, ఇ.కోలి వంటి బాక్టీరియా మూత్రంలోని నైట్రేటును మార్చాయా అన్నది తెలుపుతుంది. మూత్రంలో గ్లూకోజు, విటమిన్-సి ఎక్కువగా ఉంటే ఎస్టరేజ్ ఉన్నా లేనట్లు చూపవచ్చు. ఎస్టరేజ్ గడి ఊదారంగులోకి మారినా మామూలు కల్చరులో బాక్టీరియా పెరగకపోతే మూత్రపిండాల క్షయను గుర్తుంచుకోవడం అవసరం. క్షయ బాక్టీరియా మామూలు మాధ్యమంపై పెరగదు.

బాక్టీరియా ప్రతిఘటన

ఈ ఎంజైములను తట్టుకొనే మార్గాలు బాక్టీరియాలకూ ఉన్నాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్‌కు బంగారు వన్నెనిచ్చే వర్ణకం ఆక్సీకరణ నుంచి దానిని కాపాడుతుంది. ఇదే బాక్టీరియా మైలోపెరాక్సిడేజ్‌కు అతుక్కొని దానిని ఆపివేసే ప్రోటీనును కూడా తయారు చేస్తుంది. క్షయ బాక్టీరియా తనను మింగిన మాక్రోఫేజ్‌లో, తానున్న తిత్తితో ఎంజైముల సంచి కలవకుండా అడ్డుకొని, లోపలే కాపురముంటుంది. టైఫాయిడ్ బాక్టీరియా కూడా మాక్రోఫేజ్ లోపల దాగేదే. టైఫాయిడ్‌లో తెల్లకణాల సంఖ్య పెరగడానికి బదులు తరచుగా తగ్గుతుంది. కాబట్టి తెల్లకణాలు పెరగలేదన్న కారణంతో బాక్టీరియా సంక్రమణ లేదని భావించరాదు.

లింఫోసైట్లు, అడినోసిన్ డీఅమినేజ్

దీర్ఘకాలిక బాక్టీరియా సంక్రమణలో ముందుకు వచ్చేవి న్యూట్రోఫిల్స్ కాదు, లింఫోసైట్లు, మోనోసైట్లు. వీటిలో అడినోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైము అధికంగా ఉంటుంది. ఇది పుట్టుకతో లోపించిన శిశువులలో లింఫోసైట్లు నశించి, రోగనిరోధక శక్తి పూర్తిగా లోపిస్తుంది. 1990లో అమెరికాలో అధికారికంగా అనుమతి పొందిన తొలి జన్యుచికిత్స జరిగింది ఈ లోపానికే.

క్షయ వలన ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినప్పుడు ఆ నీటిలో ఈ ఎంజైము బాగా పెరుగుతుందని 1978లో ఇటలీ వైద్యులు తెలిపారు. ఛాతీ నీటిలో క్షయ బాక్టీరియా చాలా కొద్దిగా ఉండడం వలన సూక్ష్మదర్శినికి గాని, జన్యు పరీక్షకు గాని తరచుగా దొరకదు. కల్చరుకు వారాలు పడుతుంది. అందువలన క్షయ అధికంగా ఉన్న భారతదేశంలో ఈ ఎంజైము పరీక్షను విస్తారంగా వాడుతున్నారు. లీటరుకు 40 యూనిట్లు దాటి, నీటిలో లింఫోసైట్లు ఎక్కువగా ఉంటే క్షయగా భావించి చికిత్స ప్రారంభించడం వాడుక. ఇతర బాక్టీరియా వలన ఛాతీలో చీము చేరినప్పుడు, కొన్ని లింఫోమాలలో, కీళ్ళవాతంలో కూడా ఇది పెరుగుతుంది. కనుక కణాల రకాన్ని చూడకుండా ఒక్క అంకెను పట్టుకొని ఆరు నెలల మందులు మొదలు పెట్టడం సరికాదు. బాక్టీరియా మందులకు లొంగేదా, మొండిదా అన్న విషయం ఈ ఎంజైము చెప్పలేదు. అందుకు కల్చరు గాని, జన్యు పరీక్ష గాని చేయవలసిందే.